తోక వైపు లాగిన చెయ్యి

టార్పాలిను పరదా కింద చెయ్యి పెట్టి, ఉలిక్కిపడి వెనక్కి తీసుకున్న కోడలిని కిందటి వారం షెడ్డులోనే వదిలి వచ్చాం. ఆమె వెనక, గుమ్మంలో, చెప్పుల చప్పుడు ఆగింది. అంతవరకూ గుర్తున్నవారు సరే. కొత్తగా వచ్చి కూర్చున్నవారికి నాలుగు మాటలు చెప్పి ముందుకు పోదాం.

మేస్త్రి కూతురు చిట్టి తన తల్లి కుట్టుమిషనును మోటారుబండికి కట్టించుకుని, అన్న వెనక కూర్చుని, అత్తవారింటికి బయలుదేరింది. కొండదారి దిగుడు మలుపులో బండి పడింది. చిట్టి మళ్ళీ లేవలేదు. నడిపిన అన్న కాలు విరిగి బతికాడు. వాడి దూకుడే నా కూతుర్ని పొట్టన పెట్టుకుందని మేస్త్రి నలుగురిలోనూ అన్నాడు. ఆ మాట తరువాత తండ్రీ కొడుకుల మధ్య మరో మాట లేదు. కొడుకు ఇప్పుడు పక్క వీధిలో టైర్ల కొట్టు వెనక గదిలో మంచం మీద పడి గోడను చూస్తున్నాడు. రేపు ఉదయం స్టేషను నుంచి అధికారి వస్తాడు. రోడ్డు మీద పడిన ఏ బండి విషయంలోనైనా ఆ స్టేషనులో మేస్త్రి మాటే మాట. బండిలో లోపం లేదని ఆయన అన్నాడా, తప్పంతా నడిపినవాడి నెత్తిన పడుతుంది, వాడి దారి జైలు దారవుతుంది. ఆ మాట అనడానికి ఆయన సిద్ధంగానే ఉన్నాడు. పరదా ఎత్తి బండిని ఒక్కసారైనా చూడకుండానే సిద్ధంగా ఉన్నాడు.

చూసింది కోడలు.

మధ్యాహ్నపు ఎండ రేకుల సందుల్లోంచి గీతలు గీతలుగా దిగి, నూనె మరకల నేల మీద పరుచుకుంది. గోడకు కొట్టిన చెక్క మీద పానాలన్నీ పెద్దా చిన్నా వరసలో వేలాడుతున్నాయి. మూల నుంచి కిరసనాయిలు వాసన. షెడ్డు మధ్యలో, ఆ రోజు తెచ్చి దించినది దించినట్టే, విరిగిన అద్దంతో, వంగిన హ్యాండిలుతో బండి. దాని కుడిపక్క నేల మీద మోకాళ్ళూని కూర్చుంది ఆమె. వెనక్కి తిరగలేదు. గుమ్మంలో ఉన్నది మామగారేనని, ఆ చెప్పుల ఈడ్పును బట్టే తెలిసింది.

బండిని ముట్టుకోవద్దని స్టేషనువాళ్ళు అన్నారు కదా అని ఆయన అన్నాడు. పరదా దించేయమన్నాడు. గొంతులో కోపం లేదు. ఈ మధ్య ఆ గొంతులో ఏదీ ఉండటం లేదు.

ఆమె పరదా దించలేదు. వెనక స్ప్రింగులు రెండూ ఒక్క మెట్టు మీద లేవని చెప్పింది.

ఆ ఒక్క మాటతో ఆయన అడుగు గుమ్మంలోనే ఆగిపోయింది. ఎందుకు ఆగిపోయిందో తెలియాలంటే ఆ షెడ్డు పని పద్ధతి కొంచెం తెలియాలి. బండి వెనక చక్రానికి అటొకటి ఇటొకటి రెండు స్ప్రింగులుంటాయి. ఒక్కో స్ప్రింగు అడుగున మెట్లు కోసిన రింగు ఒకటి ఉంటుంది. నడిపేవాడు ఒక్కడే అయితే కింది మెట్టు, వెనక మరొకరు ఎక్కితే నడిమి మెట్టు, మీద బరువు కూడా కడితే పై మెట్టు. కొక్కెం పానా తగిలించి రింగును ఒక పక్కకు తిప్పితే స్ప్రింగు మెట్టెక్కి బిగుస్తుంది, మరో పక్కకు తిప్పితే మెట్టు దిగి వదులవుతుంది. చూడటానికి చిన్న పని. కానీ రెండు వైపులా మెట్టు ఒక్కటే కావాలి. ఒకటి పైనా ఒకటి కిందా ఉన్న బండి చదును దారిలో బుద్ధిమంతురాలిలా నడుస్తుంది. బరువుతో మలుపు తిరిగేటప్పుడు మాత్రం, నడుము పట్టు తప్పిన మనిషిలా, ఒక్కసారిగా ఒక పక్కకు ఒరిగి ఊగిపోతుంది.

ఇంకే షెడ్డులోనైనా ఒక్కడే ఈ పక్క తిప్పి, లేచి వెళ్ళి ఆ పక్క తిప్పుతాడు. ఇక్కడ మాత్రం ఎప్పుడూ ఇద్దరు. ఎడమ పీట మీద మేస్త్రి. కుడి పీట మీద మొదట ఆయన భార్య, ఆమె కన్నుమూశాక కోడలు. రెండు పానాలు, రెండు చేతులు, ఒకటే లయ. ఆయన ‘లైటు వైపు’ అని పిలుస్తాడు, ఆమె ‘తోక వైపు’ అని పలుకుతుంది. టక్కుమని ఇటో మెట్టు, టక్కుమని అటో మెట్టు. ఎదురెదురుగా కూర్చున్నవారికి బిగింపు అలా తారుమారుగా ఉంటుంది: ఎడమన కూర్చున్నవారు పానాను బండి ముందున్న లైటు వైపు లాగితే స్ప్రింగు బిగుస్తుంది, కుడిన కూర్చున్నవారు వెనకున్న తోక వైపు లాగితే బిగుస్తుంది. ఎవరి పీట వారిది, ఎవరి వైపు వారిది. కోడలు ఇన్నేళ్ళలో ఎడమ పీట మీద కూర్చుని ఎరగదు.

అందుకే ఆమె అనుమానం తిన్నగా వెళ్ళి ఒక్కచోటే వాలింది. ఇప్పుడు లేచి నిలబడి, చేతిగుడ్డతో వేళ్ళ మసి తుడుచుకుంటూ, ఆ అనుమానాన్ని మెల్లగా, మర్యాద తప్పకుండా, ఆయన ముందు పెట్టింది. బయలుదేరే ముందు రాత్రి, వెనక స్ప్రింగులు పొద్దున్న నేనే బిగిస్తానని ఆయనే అన్నాడు. ఆమెకు ఒళ్ళు కాలిపోయే జ్వరం, లోపలి గదిలో దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. తెల్లవారిన కాసేపటికి షెడ్డులోంచి పానాల చప్పుడు వినిపించింది. మామయ్య పని చేస్తున్నాడనుకుని మళ్ళీ కళ్ళు మూసుకుంది. కుడి పీట మీద తాను లేదు. ఉంటే ఇలా అయ్యేది కాదు.

“మీరు ఒక్కరే రెండు వైపులా బిగించారా మామయ్యా?”

అడగవలసిన మాట అడిగేసింది. ఈ మనిషి నీడన బతుకుతూ, ఈ మనిషి పెట్టిన పీట మీద కూర్చుని పని నేర్చుకుని, ఈ మనిషినే కూతుర్ని చంపుకున్నావా అని అడిగేసింది. మంచం మీద గోడ చూస్తున్న భర్త కోసం అడిగింది. ఆసుపత్రిలో స్పృహ వచ్చిన రోజు అతను అన్నది ఒక్క మాటే: బండి ఊగింది. ఆ మరుసటి రోజు నుంచి ఆ మాట కూడా లేదు. ఎవరేం అడిగినా, అవును, నేనే పడేశాను అనేవాడు.

మేస్త్రి తాను ఆ బండిని ముట్టుకోలేదన్నాడు.

ఆ రాత్రి అన్న మాట నిజమే. కానీ తెల్లవారేసరికి మిషను బండికి కట్టి ఉండటం కిటికీలోంచి కనబడింది. ఆ మిషను ఆయన భార్యది. కూతురు కొత్తగా కుట్టుపని కొట్టు పెట్టుకుంటూ దాన్ని అడిగింది. అది ఈ ఇల్లు దాటదని వారం రోజులు భీష్మించాడు. దాటితే నేను కూడా దానితో దాటినట్టే అని అమ్మ నీకు చెప్పి పోయిందా అని చిట్టి నవ్వుతూ ఎత్తిపొడిచింది. ఆ నవ్వుకు కరిగి, సరే తీసుకుపో అన్నాడు. అన్నాడే గానీ, తాళ్ళతో బిగించి కట్టిన దాన్ని చూసేసరికి మనసు మొరాయించింది. ఎవరికీ చెప్పకుండా పెరటి దారిన బయటపడి, సామాన్ల మార్కెట్టు తెరవకముందే వెళ్ళి దాని మెట్ల మీద కూర్చున్నాడు. కూతురికి వీడ్కోలు చెప్పలేదు. ఇచ్చిన మాట ప్రకారం స్ప్రింగులూ బిగించలేదు.

“అది నా కోసం చూసి ఉంటుంది,” అన్నాడు. “చూసి చూసి, ఇక రాడనుకుని ఉంటుంది.”

అలా అంటూనే ఆయన లోపలికి వచ్చాడు. ఎడమ పీట దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. పరదాను తన వైపు కూడా పైకి మడిచాడు. పానా అడగలేదు, దీపం అడగలేదు. స్ప్రింగు అడుగున రెండు వేళ్ళు పెట్టి, కళ్ళు మూసుకుని, రింగు చుట్టూ తడిమాడు. ఎన్ని వేల బళ్ళ కింద ఆ వేళ్ళు అలా తిరిగాయో. ఈసారి మాత్రం సగం తిరిగి ఆగాయి.

ఎడమది అట్టడుగు మెట్టు మీద ఉంది.

కుడిది ఎక్కడుందని అడిగాడు. పై మెట్టు మీద, చిట్టచివర అని ఆమె చెప్పింది.

అప్పుడు ఆయన కళ్ళు తెరిచి, బండి మీదుగా ఆమె ముఖంలోకి చూశాడు. రెండు వైపులా తాను చేసి, ఏ పరధ్యానంలోనో పొరపాటు పడి ఉంటే, రెండు చోట్లా తనకు అలవాటైన లైటు వైపే లాగి ఉండేవాడు. అప్పుడు ఎడమది బిగిసి ఉండాలి, కుడిది వదులై ఉండాలి. ఇక్కడ ఉన్నది దానికి సరిగ్గా ఎదురు. కుడిది బిగిసింది, ఎడమది జారింది. రెండు చోట్లా తోక వైపు లాగిన చెయ్యి ఇది. కుడి పీట మీద పని నేర్చిన చెయ్యి.

“ఈ తప్పు నా చేతిది కాదమ్మా,” అన్నాడు. “నీ చేతిది.”

తాను చెయ్యలేదు. జ్వరంలో లేచి వచ్చి చేసి మరిచిపోయానా అని ఒక్క క్షణం తన మీద తనకే అనుమానం వేసింది. తరువాత ఆ అనుమానం కూడా జారిపోయింది. జారిపోయిన చోట మరొకటి వచ్చి కూర్చుంది. దాన్ని ఆమె పిలవలేదు. అది తనంతట తానే, నవ్వుకుంటూ, కుడి పీట మీదకి వచ్చి కూర్చుంది.

పుట్టింట ఉన్న ఆ కొద్ది రోజుల్లో, తండ్రి భోజనానికి లేచినప్పుడల్లా చిట్టి వచ్చి ఆ పీట ఆక్రమించేది. చిన్నప్పటి నుంచీ దాని మీద కూర్చోవాలని దానికి కోరిక. ఆడపిల్లకి మసి పనేమిటని మేస్త్రి కూర్చోనిచ్చేవాడు కాదు. భార్యా, కోడలూ ఆడవాళ్ళు కారా అని అడిగితే, వాళ్ళ సంగతి వేరు అని కొట్టిపారేసేవాడు. నాన్నకి లైటట, మనకి తోకట, ఈ ఇంట్లో ఆడవాళ్ళ వాటా ఎప్పుడూ ఇంతే కదా వదినా అని చిట్టి పగలబడి నవ్వేది. వదిన కూడా నవ్వి, పానా ఎలా తగిలించాలో చూపించింది. మోచెయ్యి బిగబట్టి, భుజంతో లాగమంది. మొదటిసారి మెట్టెక్కిన చప్పుడు విని ఆ పిల్ల పొంగిపోయిన తీరు ఇంకా కళ్ళ ముందే ఉంది. తోక వైపు, తోక వైపు అని రోజంతా పాటలా పాడుకుంటూ తిరిగింది.

కోడలు నేర్పింది తనకు వచ్చిన సగమే. రెండో సగం ఉందని చెప్పాలన్న ఊహే రాలేదు.

ఆ ఉదయం ఏం జరిగి ఉంటుందో ఇప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు. తండ్రి రాలేదు. వదినకు జ్వరం, లేపడం ఎందుకనుకుంది. తనకు వచ్చిన పనే కదా అని పానా అందుకుంది. అన్నను అడిగి లాభం లేదు. అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే ఆ మనిషి పుట్టిన దగ్గర నుంచీ పానా ముట్టుకోలేదు. వాడికి ఏ పానా తల ఎటో తెలియదని తండ్రి వచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వించేవాడు. కుడి వైపు తోక దిక్కుకి లాగింది, కష్టపడి మెట్టు ఎక్కించింది. ఇటు వచ్చి ఎడమ వైపు కూడా తోక దిక్కుకే లాగింది. ఈసారి సులువుగా తిరిగింది. చెయ్యి తిరిగిందనుకుని సంతోషపడి ఉంటుంది.

భర్త మౌనం కూడా అప్పుడే అర్థమైందనుకుంది ఆమె. అతను పక్కనే నిలబడి అంతా చూసి ఉంటాడు. చచ్చిపోయిన చెల్లెలి మీద మాట పడకూడదని, పడిన మాటలన్నీ తన మీద వేసుకుంటున్నాడు.

ఆమె తలెత్తేసరికి మేస్త్రి ముఖం బూడిద రంగులోకి తిరిగి ఉంది. కుడి పీట మీద పని నేర్చినవాళ్ళు ఇంకెవరున్నారని ఆయన అడగలేదు. అడగకుండానే ఆయన కూడా అక్కడికే చేరుకున్నాడు. పెదవులు కదిలాయి, ఎప్పుడు నేర్చుకుందది అన్నట్టుగా.

ఆయన లేచి, గోడ మీది కొక్కెం పానా తీసుకుని, మళ్ళీ వచ్చి తన పీట మీద కూర్చున్నాడు. పానాను ఎడమ రింగుకు తగిలించాడు. ఏం చేయబోతున్నాడో ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి ఒక మెట్టు టక్కుమని ఎక్కింది.

ఎడమదాన్ని కూడా పై మెట్టు మీదికి ఎక్కించేస్తే రెండు వైపులా సమానమైపోతాయి. రేపు అధికారి వంగి చూసినా, దీపం వేసి చూసినా, లోపం లేని బండే కనబడుతుంది. చిట్టి పేరు ఎవరి నోటా రాదు.

ఆమె బండి చుట్టూ వచ్చి, నేల మీద కూర్చుని, రింగు మీద అరచెయ్యి వేసింది. కొక్కేనికీ రింగుకీ మధ్య ఆమె వేళ్ళున్నాయి.

“చెయ్యి తియ్యి.”

“తీస్తే ఆయన ఏమైపోతాడు మామయ్యా?”

“వాడు బతికే ఉన్నాడు. జవాబు చెప్పుకోగలడు. అది చెప్పుకోలేదు.”

“మీ అబ్బాయి కూడా చెప్పుకోవడం లేదు. మీరు చూడలేదు కాబట్టి మీకు తెలియదు. అన్నం పెడితే తింటున్నాడు, పెట్టకపోతే అడగడం లేదు. జైలుకి పంపితే వెళ్ళిపోతాడు, తిరిగి మాత్రం రాడు.”

ఆయన పానా వదల్లేదు. కానీ బరువు కూడా వేయలేదు. రేకుల మీద ఏదో పక్షి గోళ్ళతో గీరుకుంటూ నడిచి వెళ్ళిపోయింది.

అప్పుడు ఆమె చెప్పింది. ఎక్కించిన మెట్టు దించేసి, రింగులు రెండూ దొరికినవి దొరికినట్టే ఉండనివ్వమంది. బండిలో లోపం ఉందని రేపు ఉన్నదున్నట్టే చెప్పమంది. బిగించింది మాత్రం మా కోడలు అని చెప్పమంది. నేర్పిన చెయ్యి తనదే కాబట్టి అందులో అబద్ధం కూడా పెద్దగా లేదంది. ఆ ఉదయం తాను ఇంట్లోనే ఉంది. జ్వరంతో పడుకున్న సంగతి ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. ఎవరు కాదంటారు? చనిపోయిన పిల్ల మీద మచ్చ పడదు, బతికున్న మనిషి ఇంటికొస్తాడు.

నిన్ను తీసుకుపోతారని ఆయన అన్నాడు.

తీసుకుపోనివ్వండి అని ఆమె అంది. ఏదైనా పెద్ద బరువు ఎత్తబోయే ముందు ఒంట్లోకి వచ్చే నిబ్బరమే వచ్చింది, అంతే. బరువు ఇంకా చేతిలోకి రాలేదు.

ఒక తూకంలో కూతురి పేరూ, కొడుకు బతుకూ, కోడలి బతుకూ వేసి ఏది వదులుకోవాలో తేల్చుకోమంటే ఏ మనిషి తేల్చుకోగలడు? ఆయనా తేల్చుకోలేదు. చేతి పని మనిషి కాబట్టి, మనసుకు అందనిదాన్ని చేతికి అప్పజెప్పాడు.

“నువ్వు చెబితే సరిపోదు. ఎలా చేశావో చేసి చూపించమంటారు,” అన్నాడు. “చూపించు.”

ఆయన పానాతో రెండు రింగులనూ నడిమి మెట్టు మీదికి తెచ్చాడు. ఆ రోజు చిట్టి చెయ్యి వేసేముందు అవి ఉన్నది అక్కడే. తరువాత లేచి గోడ దగ్గరికి వెళ్ళి, రేపు ఆ అధికారి ఎక్కడ నిలబడతాడో అక్కడ నిలబడ్డాడు.

ఆమె కుడి పీట మీద కూర్చుంది. ఇక్కడ ఇబ్బంది లేదు. పానా తగిలించి, తోక వైపు లాగింది. స్ప్రింగు మూలిగి పై మెట్టెక్కింది. లేచి ఇటు వచ్చింది. జీవితంలో మొదటిసారి ఎడమ పీట మీద కూర్చుంది. ఇటు నుంచి చూస్తే బండి తెలియని బండిలా ఉంది. పానా తగిలించింది. తోక వైపు. తప్పు చెయ్యాలి. చెయ్యి ఒక్క క్షణం గాలిలో ఆగి, ఆపైన లాగింది.

“ఆగింది,” అన్నాడు మేస్త్రి గోడ దగ్గర నుంచి. “తప్పు చేసే చెయ్యి ఆగదు. ఒప్పే చేస్తున్నాననుకుంటుంది. మళ్ళీ.”

మళ్ళీ నడిమి మెట్టు. మళ్ళీ కుడి పీట, మళ్ళీ ఎడమ పీట. ఈసారి ఆగలేదు, కానీ కళ్ళు ఆయన వైపు తిరిగాయి. చూపు తిప్పవద్దన్నాడు. మరోసారి చేసింది. ఈసారి మరీ తొందరగా లాగింది. నేర్చిన పాఠం అప్పజెప్పినట్టుందన్నాడు. పనిలో ఉన్నవాళ్ళు అంత తొందర పడరు. ఇంతకుముందు కూడా ఈ మనిషి ఇలాగే, ఈ గొంతుతోనే, ఆమెకు పని నేర్పాడు. అప్పుడు పొరపాటు పడితే ‘మళ్ళీ’ అనేవాడు. ఇప్పుడు పొరపాటు సరిగ్గా పడకపోతే ‘మళ్ళీ’ అంటున్నాడు.

ఎండ గీతలు నేల మీద నుంచి గోడ మీదికి పాకాయి. అరచెయ్యి బొబ్బలెక్కింది. కూర్చోవడం, లాగడం, లేవడం, చుట్టూ తిరగడం, కూర్చోవడం, లాగడం. ఎప్పటి నుంచో తెలియదు, ఆమె లోపల పాత పాటొకటి మొదలైంది. తోక వైపు, తోక వైపు. పాడుతున్నది తన గొంతు కాదు. ఆ గొంతు వినబడుతుండగానే ఎడమ పీట మీద కూర్చుంది, పానా తగిలించింది, లాగింది. స్ప్రింగు సులువుగా, హాయిగా, మెట్టు దిగిపోయింది. సులువుగా తిరిగినందుకు ఆమె పెదవి మీద ఒక చిన్న సంతోషం మెరిసి మాయమైంది.

అది చూసి మేస్త్రి గోడ మీద అరచెయ్యి ఆనించాడు. ఇక ‘మళ్ళీ’ అనలేదు.

చాలని ఆయన చెప్పకముందే వాకిట్లో కర్ర నేలకు తగిలిన చప్పుడైంది. ఒక కర్ర, ఇంకో కర్ర, ఈడ్చిన కాలు. టైర్ల కొట్టు నుంచి ఇక్కడిదాకా ఎవరి భుజమూ పట్టుకోకుండా నడిచి వచ్చినట్టున్నాడు. చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది. చంకల కింద కర్రల మీద వేలాడుతూ, కొడుకు షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో తెలియదు. చూడవలసినంతా చూశాడని మాత్రం ముఖమే చెబుతోంది.

ఆమె చేతిలో పానా అలాగే ఉండిపోయింది. ఏం చెప్పి అతన్ని వెనక్కి పంపాలా అని వెతుక్కుంది. రేపు నోరు మెదపకుండా ఉంటే చాలునని, మిగతాది తాము చూసుకుంటామని చెప్పబోయింది. అతను ఆమె వైపు చూడలేదు. ఇన్ని రోజుల తరువాత, తండ్రి వైపు చూసి మాట్లాడాడు.

“తప్పు నేర్పిస్తున్నావు నాన్నా. ఆ రోజు ఇలా జరగలేదు.”

మేస్త్రి గోడ మీది చెయ్యి తీసి ఒక అడుగు ముందుకు వేశాడు.

“ఒక్కళ్ళే తిరిగి తిరిగి చెయ్యలేదు. ఈ షెడ్డులో ఎప్పుడూ ఇద్దరు కదా, మనమూ అలాగే చేద్దాం అంది. నాకు రాదన్నాను. ఏముంది, నేను చెబుతాను, నువ్వు లాగు అంది. అది కుడి పీట మీద కూర్చుంది. తోక వైపు అంది.”

కొడుకు ఒక కర్ర ఎత్తి ఎడమ పీటను చూపించాడు.

“ఎడమ పీట మీద నేను కూర్చున్నాను. అది తోక వైపు అంటే, నేనూ తోక వైపే లాగాను. సులువుగా తిరిగింది. చూశావా అన్నయ్యా, నీకూ వచ్చేసింది అని నవ్వింది. ఎడమది వదులు చేసింది నేను నాన్నా. ఎక్కించుకుని తీసుకెళ్ళిందీ నేనే.”

షెడ్డులో ముగ్గురూ, ముగ్గురి మధ్య బండీ. కోడలు చేతిలోని పానాను నేల మీద పెట్టింది. అది పెట్టిన చప్పుడు కూడా వినబడకుండా పెట్టింది.

“ఇప్పుడు చెప్పు,” అన్నాడు కొడుకు. “రేపు వాళ్ళతో ఏమంటావు?”